పోటు నీళ్ళలో తొమ్మిదో తరగతి

రండమ్మా, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. బియ్యంలో రాళ్ళు ఏరేవాళ్ళు ఏరుతూనే వినండి, చెవులకైతే పని లేదు కదా. ఉప్పు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిలబడే అడవి ఒకటి ఉందని యాభై రెండేళ్ళు వచ్చేదాకా నాకు తెలియదు. ఇప్పుడు చూసి వచ్చాను. వెళ్ళని వాళ్ళ కోసం చెబుతున్నాను. కంటితో చూసింది చెబుతాను, చేత్తో చెడగొట్టింది కూడా చెబుతాను.

నేను ఎల్బీనగర్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆయాను. పేరు అంజమ్మ. ఆ బడిలో సైన్సు చెప్పే సుభాషిణి మేడం కాకినాడ దిక్కు మనిషి, కాపురం కొత్తపేటలో. చెట్టు పాఠం చెట్టు కిందే చెప్పాలని ఆమె పట్టుదల. మడ అడవుల పాఠం వచ్చింది. పుస్తకంలో ఒకటిన్నర పేజీ, ఒక మసక బొమ్మ. తొమ్మిదో తరగతి పిల్లలను ఇరవై ఎనిమిది మందిని తీసుకెళ్ళి ఆ అడవినే చూపిస్తానని కరస్పాండెంట్ సారును నెల రోజులు అడిగింది. ఆయన చివరికి ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. తిరిగొచ్చిన శనివారం తల్లిదండ్రుల మీటింగు. పిల్లలు అక్కడ రాసిన పుస్తకాలు వాళ్ళ ముందు పెట్టాలి. వాళ్ళు మెచ్చితే బయట పాఠాలు ఉంటాయి, మెచ్చకపోతే ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఆడపిల్లలకు తోడుగా నన్ను పంపారు.

ఎల్బీనగర్ చౌరస్తా

తెల్లవారకముందే ఫ్లైఓవర్ కింద బస్సు ఆగింది. విజయవాడ పోయే బస్సులన్నీ అక్కడే ఆగుతాయి కాబట్టి ఆ వేళకే చాయ్ బండి దగ్గర తిరునాళ్ళ రద్దీ. తల్లులు డబ్బాలు ఇస్తూ నాకు అప్పగింతలు పెట్టారు. నేనూ సర్వపిండి చేసి తెచ్చాను, రెండు రోజులైనా చెడదని.

క్లాసు ఫస్టు శ్రావ్య వాళ్ళ నాన్న మల్లేశం బస్సు మెట్టు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. మీర్‌పేట్‌లో హార్డ్‌వేర్ దుకాణం ఆయనది. నవ్వుతూనే అడిగాడు కానీ ఆ నవ్వు కింద ముల్లు ఉంది.

“గా చెట్లు చూస్తే ఎంసెట్ల ర్యాంకొస్తదా మేడం?”

“చూడకపోతే వస్తుందని నేను చెప్పలేనండి,” అంది మేడం.

ఆయన కాలు తీశాడు, బస్సు కదిలింది.

చౌటుప్పల్ రాకముందే ఇమ్రాన్ వాంతి చేసుకున్నాడు. మలక్‌పేట పిల్లాడు, నోరు ఆగదు. తల్లి ఇచ్చిన ఖీమా సమోసాలు ఆరూ పొద్దు పొడవకముందే తిన్నాడు మరి. తుడిచింది నేనే. సూర్యాపేట దగ్గర చాయ్ తాగాం. గ్లాసు ఇరవై రూపాయలు, అందులో చాయ్ రెండు గుక్కలు. మా దిల్‌సుఖ్‌నగర్‌లో అదే సొమ్ముకు ఉస్మానియా బిస్కట్ కూడా వస్తుందని అన్నాను. కొట్టువాడు, అయితే అక్కడే తాగి రావాల్సింది అన్నాడు. మాట న్యాయమే.

గోదావరి దాటాక

కృష్ణ దాటేసరికి ఎండ, గోదావరి దాటేసరికి చల్లగాలి. అటూ ఇటూ పచ్చని వరి, నడుమ కాలువ నిండా నీళ్ళు. మా కాలనీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన రోజు బిందె, బకెట్, గిన్నె, చివరికి గ్లాసు కూడా నింపి పెట్టుకుంటాం. ఇక్కడ ఒకామె కాలువ మెట్ల మీద కూర్చుని ఒక్క చీరను ఉతుకుతూ ఎంత నీరు పారబోసిందో చూసి ఆపమని కిటికీలోంచి అరవబోయాను. కాలువ నీళ్ళు కాలువకే పోతున్నాయని మేడం చెబితే గానీ కుదుటపడలేదు.

చీకటి పడే వేళకు కాకినాడ చేరాం. దిగిన సత్రంలో వడ్డించే పెద్దాయన ప్రతి మాటకూ ‘అండి’ తగిలిస్తాడు. పద్నాలుగేళ్ళ పిల్లనైనా “పప్పు వెయ్యమంటారాండి?” అని అడుగుతాడు. ఇమ్రాన్ నా చెవిలో, “ఈడ తిట్టినా అండీ అనే తిడతరు కావచ్చు ఆయమ్మా,” అన్నాడు. అన్నం మెత్తగా ఉంది, పప్పులో మామిడికాయ పడింది, కారం మాత్రం మా నాలుకకు ఆనలేదు. నా పచ్చడి సీసా బల్ల మీద చివరి దాకా తిరిగి ఖాళీగా వచ్చింది.

ఉప్పు కక్కే ఆకు

మర్నాడు పొద్దున్నే కోరంగి. అడవిలోకి చెక్క వంతెన వేశారు. దాని మీద నడుస్తుంటే రెండు వైపులా చెట్లు, కింద నిండుగా బురద రంగు నీళ్ళు. అడవి అంటే నాకు తెలిసింది ఎండుటాకులు, రాళ్ళు, ముళ్ళకంపలు. ఇక్కడ చెట్టుకు చెట్టుకు మధ్య నేలే లేదు.

ముందు రోజు మేడం ఫోనులో మాట్లాడిపెట్టుకున్న పడవ మనిషి సత్తిబాబు మాతో వచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి, నల్లగా, గట్టిగా ఉంటాడు. ఆ పక్క పల్లెలో చేపలు, పీతలు పట్టే ఇల్లు వాళ్ళది. ఒక కొమ్మ వంచి ఆకు చూపించాడు. ఆకు మీద తెల్లగా, సన్నగా పొడి. నాకి చూడమన్నాడు. అచ్చం ఉప్పు. ఈ తెల్లమడ చెట్టు ఉప్పు నీళ్ళే తాగి, ఎక్కువైన ఉప్పును ఆకు మీదికి కక్కేస్తుందట. పిల్లలు అన్ని ఆకులూ నాకబోతే ఆపాడు. తిల్ల అని ఇంకో చెట్టు ఉంది, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందట. ఆ తర్వాత ఒక్కరూ చేయి చాపలేదు.

మరో చెట్టుకు చిక్కుడుకాయంత పొడుగు కాయలు వేలాడుతున్నాయి. కాయలు కావు, మొలకలు. గింజ తల్లి కొమ్మ మీదే మొలకెత్తి, బలం వచ్చాక బురదలోకి దిగుతుంది. అప్పుడే పుట్టిన గింజకు ఉప్పు నీళ్ళు పడవు కాబట్టి అంతదాకా తల్లి దగ్గరే. మనం తొలి కాన్పుకు పిల్లను పుట్టింటికి తెచ్చుకుని, బిడ్డకు మెడ నిలిచాక పంపుతాం కదా, ఈ చెట్టుకూ అదే పద్ధతి అన్నాను. మేడం నా వైపు తిరిగి, అది మళ్ళీ చెప్పు అంజమ్మా, పిల్లలు రాసుకుంటారు అంది. నా మాట ఇరవై ఎనిమిది పుస్తకాల్లోకి ఎక్కడం అదే మొదటిసారి.

నూకాలమ్మ వాకిలి

మధ్యాహ్నం సత్తిబాబు ఇంట్లోనే భోజనం. వాళ్ళమ్మ నూకాలమ్మ పీతల పులుసు పెట్టింది. తినని పిల్లలకు ములక్కాడ పప్పుచారు. పీత ఎట్లా తినాలో మాకెవరికీ రాదు. కాలు కొరికితే పులుసు ముక్కులోకి చిమ్మింది. ఆమె నవ్వి, ఒక్కో కాలు విరిచి నాకు చేతిలో పెట్టింది. మా దిక్కు బజారులో నాలుగు పీతలకు చెప్పే ధరకు ఇక్కడ గంపెడు వస్తాయి.

ఆ వాకిట్లో గోడ గడియారం ఆగిపోయి ఎన్నాళ్ళయిందో. ఎవరికీ పట్టలేదు. పడవ ఎప్పుడు తీయాలో, వల ఎప్పుడు వేయాలో తిథిని బట్టి లెక్క. పున్నమికీ అమావాస్యకూ నీళ్ళు బాగా ఎగుస్తాయి, అష్టమి నాడు బద్ధకంగా ఉంటాయి అని నూకాలమ్మ చెప్పింది. నేను ఊఁ కొట్టాను. ముందు రోజు పున్నమి. ఆ సంగతి నాకూ తెలుసు, ఒక్క పొద్దు ఉన్నాను కదా. నాకు తిథి అంటే ఉపవాసం, దీపం, కొబ్బరికాయ. తిథికి నీళ్ళతో పనేమిటన్నది చెవిలో పడింది, బుర్రలోకి దిగలేదు. దాని ఫలితం సాయంత్రం కనబడింది.

గళ్ళు

తిన్నాక ఆ పల్లె పక్క పాయ ఒడ్డుకు వెళ్ళాం. ఇక్కడ నీళ్ళు ఎక్కడో దూరంగా, మధ్యలో సన్నగా ఉన్నాయి. మిగతాదంతా తడి బురద. బురదలోంచి గొడుగు కమ్మీల్లా వేల వేల వేళ్ళు పైకి పొడుచుకొచ్చాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ఊపిరి కోసం వేళ్ళను పైకి పంపుతుందట.

ఒక్కొక్కరికి తాడుతో ఒక చదరపు గడి వేసి ఇచ్చింది మేడం. అందులో కనబడిందల్లా రాయాలి, ఎన్ని ఉంటే అన్నీ లెక్కపెట్టాలి. గంటసేపు మాట్లాడొద్దంది. మొదట పిల్లలు, ఏముంది మేడం, బురద తప్ప అన్నారు. పావుగంట పోయాక ఒక్కరూ తల ఎత్తలేదు. ఇమ్రాన్ గడిలో ఒక పీత. దానికి పట్టుకునే గోరు ఒకటి ఒంటికంటే పెద్దది, దాన్ని ఊపుతూ రా చూసుకుందాం అన్నట్టు నిలబడింది. వీడు కూడా చేయి ఊపుతూ కూర్చున్నాడు. శ్రావ్య పదకొండు పేజీలు రాసింది. రెక్కలను కాళ్ళలా వాడుతూ బురద మీద గెంతే చేపను వేసిన బొమ్మ ఒక పేజీ నిండా ఉంది.

మూడు గంటలకు పడవ ఎక్కాలి. పడవలో తడుస్తాయని పుస్తకాలన్నీ పోగుచేసి గోనెసంచిలో పెట్టాను. ఎక్కడ ఉంచాలి? ఒడ్డున ఒక మడ చెట్టు మొదట్లో నేల కాస్త మెరకగా, ఎండకు పైపైన ఆరి గట్టిగా ఉంది. చెట్టు మీద మోకాలెత్తున మట్టి గీత ఉంది. అది చూశాను, చూడలేదని అనను. మా కాలనీలో చెరువు పొంగిన ఏడాది గోడల మీద పడ్డ గీత ఇప్పటికీ అట్లాగే ఉంది. ఇదీ అట్లా ఎప్పుడో వచ్చిన వరద గుర్తే అనుకున్నాను. తలెత్తి చూశాను, మబ్బు తునక లేదు. వాన లేనిది నీళ్ళు ఎట్లా పెరుగుతాయి? సంచి అక్కడ పెట్టి, ఎగరకుండా మీద రాయి కూడా పెట్టాను. నా అంత జాగ్రత్త మనిషి లేదనుకుంటూ పడవెక్కాను.

సాయంత్రం ఐదున్నర

పడవ ఎంత బాగుందో చెప్పను, మీకు అసూయ పుడుతుంది. తిరిగొచ్చేసరికి నేను సంచి పెట్టిన నేల లేదు. చెట్టు ఉంది. దాని చుట్టూ నీళ్ళు. ఊపిరి వేళ్ళు ఒక్కటీ కనబడలేదు. పిల్లల గళ్ళు, తాళ్ళు, పీతలు, అన్నీ కిందికి పోయాయి.

సత్తిబాబు దూకి సంచి పైకి తీశాడు. నేను పెట్టిన రాయి దాన్ని కొట్టుకుపోకుండా ఆపింది, నీళ్ళల్లో బాగా నాననిచ్చింది. జెల్ పెన్నుల సిరా కరిగి గోనె అంతా నీలంగా కారింది.

“పోటొచ్చే ఏళకి ఇక్కడెట్టేరేంటమ్మా?” అన్నాడు. తిట్టలేదు, నిజంగా అర్థం కాక అడిగాడు.

శ్రావ్య తన పుస్తకం తెరిచింది. పదకొండు పేజీలూ నీలం మరకలు. ఏడుపు మింగుకుంటూ నా మొహం చూసి, “మీరే ఖరాబ్ చేసిన్రు ఆయమ్మా. ఇగ శనివారం మేడంను బడిలో అందరి ముంగట మాటలంటరు,” అంది.

ఆ పిల్ల చెప్పింది ఉన్నదున్నట్టు.

మేడం చెప్పులు విడిచి నీళ్ళ అంచుకు వెళ్ళి నిలబడింది. తర్వాత సత్తిబాబును పడవ గడ అడిగి తీసుకుని అంచున పాతింది. నీళ్ళు తాకిన చోట తన చున్నీ అంచు చింపి పీలిక కట్టింది.

“అందరూ గట్టు మీద కూర్చోండి. ఇందాక గళ్ళు చూశారు కదా, ఇప్పుడు ఆ గళ్ళను ముంచినదాన్ని చూద్దాం,” అంది.

వెలుగున్నంత సేపూ కూర్చున్నాం. పీలిక మునిగింది. రెండోది కట్టింది, అదీ మునిగింది. నీళ్ళు చప్పుడు లేకుండా, తొందర లేకుండా, ఇంటి మనిషి ఇంట్లోకి వచ్చినట్టు వచ్చాయి. రోజుకు రెండుసార్లు ఇట్లా వచ్చి పోతాయని, పొద్దున వంతెన కింద మేము చూసిన నిండు నీళ్ళు కూడా ఇవేనని అప్పుడు సత్తిబాబు చెప్పాడు. మధ్యాహ్నం నూకాలమ్మ చెప్పిన తిథి లెక్క నా బుర్రలోకి సరిగ్గా అప్పుడు దిగింది. ఇన్నేళ్ళుగా పున్నమికి దీపం పెట్టిన దాన్ని, అదే పున్నమి సముద్రాన్ని లేపుతుందని ఒడ్డున కూర్చుని నేర్చుకున్నాను.

తిరుగు దారి

సత్రం డాబా మీద రాత్రంతా తీగలకు పుస్తకాలు ఆరవేశాను. పొద్దుటికి అప్పడాల్లా ఉబ్బి, ముట్టుకుంటే పెళపెళలాడాయి. పెన్సిలు గీతలు అక్కడక్కడా మిగిలాయి, మాటలు మిగలలేదు. వచ్చేటప్పుడు కాజాలు కొన్నాం. పిల్లలు పాకం కారిన వేళ్ళు చీక్కుంటూ బస్సెక్కారు కానీ లోపల మాట లేదు. మేడం ముందు సీట్లో కిటికీకి తల ఆనించుకుంది.

పది గంటల దారి. ఊరుకోవడం నాకు చాతకాదు. పుస్తకాలు పోయాయి కానీ పిల్లలు రాసేటప్పుడు వాళ్ళ వెనక తిరిగింది నేనే కదా. మొదటి సీటు నుంచి మొదలుపెట్టాను. నీ గడిలో ఏడు పీత బొక్కలు, నీ గడిలో నత్తలు పంతొమ్మిది, రెండు చెట్టెక్కుతున్నాయి, నీ గడిలో ప్లాస్టిక్ సంచి ముక్క అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోయాను. నాలుగో సీటు దగ్గర ఒకడు లేచాడు, నత్తలు ఇరవై రెండు ఆయమ్మా, మూడు నీ కాలు కింద ఉండె అని. ఇమ్రాన్ తన పీత కుడి గోరు పెద్దదన్నాడు. ఎడమ గోరు అని పక్కవాడు. తగువు పెరిగింది. విజయవాడ దాటేసరికి బస్సంతా లేచి నిలబడి ఎవరి గడి వాళ్ళు అప్పజెబుతున్నారు. మేడం వెనక్కి తిరిగి వినడం మొదలుపెట్టింది. తప్పు చెబితే మాత్రం ఆపింది. శ్రావ్య ఒక్కతే సూర్యాపేట దాకా నోరు తెరవలేదు. అక్కడ దిగినప్పుడు నా కొంగు పట్టుకుని, “గా చేప ఎన్నిసార్లు గెంతిందో యాదున్నదా ఆయమ్మా?” అని అడిగింది. ఆరు సార్లు అన్నాను. ఆరే అంది.

శనివారం, పై హాలు

హాలు నిండింది. ఉబ్బిన పుస్తకాలు బల్ల మీద వరసగా పెట్టాం. కరస్పాండెంట్ సారు ఒకటి తీసి తిప్పాడు, ఇంకొకటి తిప్పాడు. వెనక తండ్రులు గుసగుసలాడారు. మేడం నోరు తెరిచేలోపే నేను లేచాను. అట్లాంటి చోట లేవడం నాకు అలవాటు లేదు, అయినా లేచాను.

“సార్, గా పుస్తకాలు మేడం తప్పుతోని పోలేదు. పోటొచ్చే కాడ నేను పెట్టిన. అడిగేదుంటే నన్నడగండి. పిల్లలకు ఏమొచ్చిందో పిల్లలనడగండి.”

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. సరే అడుగుదాం అన్నాడు. మల్లేశం అందరికంటే ముందే లేచి కూతురినే అడిగాడు, మడ అడవులు అంటే ఏందో డెఫినిషన్ చెప్పమ్మా అని.

శ్రావ్య నిలబడింది. ఎప్పుడూ గడగడా అప్పజెప్పే పిల్ల మూగగా నిలబడింది. అప్పుడు నెమ్మదిగా తన గడి గురించి మొదలుపెట్టింది. ఎన్ని వేళ్ళు, ఎంత ఎత్తు, వాటి మధ్య ఏం దాక్కుంది, నీళ్ళు ఎక్కినప్పుడు ఏది ఎక్కడికి పోయింది. ఆ వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి కాబట్టి తుఫాను అల ముందుగా వాటికి తగులుతుందని, ఆ తర్వాతే నూకాలమ్మ ఇంటికి తగులుతుందని చెప్పింది. పుస్తకంలో ఆ పేరు లేదు. ఆ పిల్ల తాను పులుసు తిన్న ఇంటి గురించి చెబుతోంది.

చెప్పి తండ్రి వైపు తిరిగింది. “డాడీ, మన మీర్‌పేట్ చెరువు అంచుకు ముందుగాల ఏముండె?”

మల్లేశం “తుంగ ఉండె,” అన్నాడు. చేత్తో ఎత్తు చూపిస్తూ, “మనిషెత్తు తుంగ. దాంట్ల నీటికోళ్ళు గుడ్లు పెడుతుండె. మేం చిన్నప్పుడు బర్రెలను తోలుకపోయి గా తుంగ నడుమనే ఈదుతుంటిమి. తుంగ ఉన్నన్ని రోజులు చెరువు నీళ్ళు తేటగ ఉండె,” అన్నాడు. వెనక నుంచి ఇంకో తండ్రి, అవును, గుర్రపు డెక్క తర్వాత వచ్చింది, ముందు తుంగే అన్నాడు. మలక్‌పేట వైపు ఒకావిడ, మా నాన్న మూసీ ఒడ్డున గడ్డి కోసేవాడు అంది. కోస్తా నుంచి వచ్చిన ఇంకొకాయన, మా ఊరి మడ కొట్టేసి రొయ్యల చెరువులు తవ్వారండి అన్నాడు, అని తల దించుకున్నాడు. ఆ హాల్లో ర్యాంకుల మాట కాక వేరే మాట అంతసేపు నడవడం ఆ బడిలో నా పదకొండేళ్ళ కొలువులో నేను చూడలేదు.

చివరికి సారు బల్ల తట్టాడు. మూడు రోజుల ప్రయాణం సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాడు. అది ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. కానీ నెలకు రెండు శనివారాలు సగం పూట బయట పాఠం ఖాయమన్నాడు. మేడం, చాలండి అంది.

మొదటి పాఠం ఎక్కడని సారు అడిగితే మల్లేశం చేయెత్తాడు. చెరువుకు ఆ వైపు ఇంకా నాలుగు గజాల తుంగ మిగిలి ఉందట, దారి తనకు తెలుసట, ఆ పూట దుకాణం మూసి తానే తీసుకెళ్తాడట. మేడం తన డైరీలో రాసుకుంది. పుస్తకాలు మోసే పని మాత్రం నాకే ఇచ్చింది.

ఇదమ్మా నేను పోయి వచ్చిన సంగతి. విన్న మీ ఇంట్లో మంచినీళ్ళు తరగకుండా ఉండాలి, ఉప్పు డబ్బా నిండుగా ఉండాలి. మీ పిల్లలు కంటితో చూసి నేర్చుకోవాలి, నేర్చుకుంది నలుగురిలో నిలబడి చెప్పాలి. ఇంటి పెద్దలు ఆ మాట చెవి ఒగ్గి వినాలి. మీ వాకిలి ఎప్పుడూ చల్లగా ఉండాలి తల్లీ.